ఒంగోలు చర్చి సెంటరు దగ్గర ఒక డీటీపీ దుకాణం, నా మూడు నవలలు

ఆ దుకాణం బోర్డు మీద 'డీటీపీ, జిరాక్స్, బైండింగ్' అని మూడు మాటలే ఉంటాయి. వేరే పేరు లేదు. ఒంగోలు చర్చి సెంటరు నుంచి ఐదు నిమిషాలు నడిస్తే, ఒక మందుల దుకాణం పక్క సందులో, మేడ మెట్ల కింద కనిపిస్తుంది. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ యంత్రం, కాగితం కోసే బల్ల, గోడకు ఆనించిన రీములు. ఇద్దరు కూర్చుంటే మూడో మనిషి గుమ్మంలో నిలబడాలి. భార్యాభర్తలు నడుపుతారు. ఆమె టైపు చేస్తుంది, అతను పేజీలు కడతాడు. 2017 నుంచి నేను అక్కడికి వెళ్తున్నాను. రెండు నవలలు అక్కడే కూర్పు చేయించాను. మొదటి నవల రెండో ముద్రణ కూడా వాళ్ళే చేశారు. సొంత ఖర్చుతో పుస్తకం వేసుకోవాలనుకునేవాళ్ళు, అందులోనూ చరిత్రను ఆధారం చేసుకుని కథ రాసేవాళ్ళు ఈ దుకాణం గురించి తెలుసుకోవాలని ఇది రాస్తున్నాను.

నా సంగతి కొంత చెప్పాలి. లేకపోతే వాళ్ళు చేసిన పని విలువ అర్థం కాదు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఒక్క సంవత్సరాలు సాంఘిక శాస్త్రం చెప్పి 2015లో పదవీ విరమణ చేశాను. మాది బాప్టిస్టు కుటుంబం. మా నాయనమ్మకు నాయనమ్మ 1876-78 నాటి ధాత కరువులో కాలువ పనికి వెళ్ళి మట్టి తట్టలు మోసిన మనిషి. మా ఇంట్లో పిల్లలు కంచంలో అన్నం వదిలేస్తే, "ధాత కరువు మరిచిపోయారా" అని పెద్దవాళ్ళు కసిరేవారు. ఆ మాట వింటూ పెరిగాను. పాఠ్యపుస్తకాల్లో మాత్రం ఆ కరువుకు రెండు వాక్యాలకు మించి చోటు ఉండేది కాదు. పిల్లలకు ఆ రెండు వాక్యాలు చదివి వినిపించిన ప్రతిసారీ నాకు బాధగా ఉండేది.

యాభై ఏడో ఏట మొదటి నవల పూర్తి చేశాను. 1840లో అమెరికా బాప్టిస్టు మిషన్ పంపిన శామ్యూల్ డే నెల్లూరు చేరిన దగ్గర మొదలై, 1853లో అమెరికాలోని ఆల్బనీ సభలో ఈ మిషన్‌ను ఉంచాలా మూసేయాలా అని అమెరికావాళ్ళు తర్జనభర్జన పడిన దాకా సాగుతుంది. పటం మీద నెల్లూరు ఒక్కటే చుక్కగా ఉండటం చూసి దాన్ని ఒంటరి నక్షత్రం అన్నది ఆ సభలోనే. రెండో నవల 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేసిన ఐదుగురిది: మిషనరీలు జ్యూయెట్ దంపతులు, వాళ్ళ వెంట వచ్చిన ముగ్గురు తెలుగువాళ్ళు. ఆ ముగ్గురిలో ఒకరు నెల్లూరు జూలియా. మూడోది నేను ఇన్నేళ్ళూ రాయాలనుకున్నది. 1876 నుంచి 1878 దాకా కరువు, బకింగ్‌హామ్ కాలువ, గుండ్లకమ్మ రేవు. పుస్తకాల పేర్లు ఇక్కడ రాయడం లేదు. ఇది వాటి ప్రచారం కోసం రాస్తున్నది కాదు.

మొదటి నవలను 2012లో వేరే ఊళ్ళో ఒక ప్రెస్సులో వేయించాను. ఏ ఊరో, ఏ ప్రెస్సో ఇప్పుడు అనవసరం. ప్రూఫు ఒక్కసారే చూపించారు. నేను దిద్దిన తప్పులు సరిచేస్తూ కొత్త తప్పులు చేశారు. నవల చివర ఒక ముసలాయన చనిపోతూ ఇరవై మూడో కీర్తన చెప్పే ఘట్టం ఉంది. "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు" అని అతను అనాలి. పుస్తకంలో "నాకు లేమి కలుగ" అని అచ్చయింది. వరుస చివర ఉన్న 'దు' ఎగిరిపోయింది. ఆ ముసలాయన తన జీవితమంతా దేని మీద నిలబడ్డాడో, ఆఖరి ఊపిరిలో ఆ మాటే సగంలో తెగిపోయింది.

మూడు వందల ప్రతులు ఇంటికి వచ్చాక చూశాను ఆ పేజీ. మా చెల్లెలు, నేను, ఇద్దరు మేనకోడళ్ళు హాల్లో చాప వేసుకుని కూర్చున్నాం. నల్ల బాల్‌పెన్నులు నాలుగు తెప్పించాను. ఒక్కో పుస్తకం 214వ పేజీ తెరవడం, 'కలుగ' పక్కన అచ్చు అక్షరంలాగే ఉండేలా చిన్నగా 'దు' రాయడం, ఆరేదాకా పుస్తకం తెరిచి పక్కన పెట్టడం. మూడు వందల సార్లు. హాలంతా తెరిచిన పుస్తకాలే. చెల్లెలు రాసిన 'దు'కు కొమ్ము కొంచెం పొడుగు, ఇప్పటికీ ఆ ప్రతి ఎక్కడైనా కనిపిస్తే గుర్తుపడతాను. సిరా వెలిసిపోతే ఆ వచనం మళ్ళీ సగంలో తెగిపోతుందన్న భయం నాకు ఇంకా పోలేదు.

అందుకే రెండో నవల రాతప్రతి పట్టుకుని ఈ మెట్ల కింది దుకాణానికి వెళ్ళినప్పుడు, ధర కంటే ముందు ప్రూఫులు ఎన్ని ఇస్తారని అడిగాను. "మీకు తృప్తి కలిగేదాకా ఇస్తాం టీచర్ గారూ. రెండు ప్రూఫులకు డబ్బు తీసుకోం, మూడో దాని నుంచి పేజీకి ఐదు రూపాయలు" అన్నాడతను. మాట నిలబెట్టుకున్నాడు.

వాళ్ళు ప్రూఫు చూసే పద్ధతి చెప్తాను. టైపు చేసే ఆ అమ్మాయి నా రాతప్రతిని పైకి చదువుతుంది, నేను కూర్పు చేసిన పేజీ మీద వేలు పెట్టి వెంట వెళ్తాను. కామా వస్తే "కామా" అంటుంది. పేరా వస్తే "పేరా" అంటుంది. గంటకు పన్నెండు పేజీలకు మించి సాగదు. వెనకటికి సీసపు అక్షరాల ప్రెస్సుల్లో ఒకరు చదివితే ఒకరు దిద్దేవారట. ఇప్పుడు ఎవరికీ అంత ఓపిక లేదు. వీళ్ళకు ఉంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా షట్టరు సగం దించేసి ఈ పనే చేస్తారు. ఫ్యాను చప్పుడు, మెట్ల మీద ఎవరో ఎక్కుతూ దిగుతూ ఉన్న అడుగులు, మధ్యలో ఆమె గొంతు. నా వాక్యం నాకే ఇంకొకరి నోట వినిపించినప్పుడు ఎక్కడ నడక తప్పిందో తెలిసిపోతుంది. ఆమె ఎక్కడ ఊపిరి తీసుకోవడానికి ఇబ్బంది పడిందో అక్కడ పెన్సిలుతో గీత పెట్టుకుని, ఇంటికి వెళ్ళి ఆ వాక్యాన్ని రెండుగా విరిచేదాన్ని.

మూడో నవలలో పదకొండో అధ్యాయం చదువుతూ ఒకచోట ఆగింది. నా కథలోని పిల్ల కరువుకు ఊరు వదిలి తల్లితో నడిచి వస్తుంటే, దారి పక్కన పొగాకు బ్యారన్ల నుంచి పొగ వస్తోందని రాశాను.

"టీచర్ గారూ, ఇక్కడ బ్యారన్లు ఎలా వచ్చాయి?" అంది.

"దారి పక్కన కనిపించేవే కదమ్మా" అన్నాను.

"మాది కొండపి దగ్గర. మా ఊళ్ళో మొదటి బ్యారన్ మా తాతగారి నాన్న కట్టించారని ఇంట్లో చెప్పుకుంటారు. ఆయన పుట్టకముందే మీ కథలో బ్యారన్ పొగ వస్తోంది."

నాకు నోట మాట రాలేదు. ముప్పై ఒక్క సంవత్సరాలు చరిత్ర చెప్పిన మనిషిని. ఆకును బ్యారన్లో పొయ్యి వేడికి ఆరబెట్టి పసుపు రంగు తెప్పించే వర్జీనియా పొగాకు మన కోస్తా జిల్లాలకు వచ్చింది 1920ల్లో. అది నాకు తెలుసు, పిల్లలకు పాఠంగా కూడా చెప్పాను. కానీ ఆ పేజీ రాస్తున్నప్పుడు నా చిన్నతనంలో టంగుటూరు వైపు బస్సులో వెళ్తుంటే ముక్కుకు తగిలిన వాసన వచ్చి కూర్చుంది. తేదీలు పుస్తకంలో చూసుకుంటాం. వాసనను ఎవరూ చూసుకోరు. ఆ రోజు ఇంటికి వెళ్ళి బ్యారన్లు తీసేసి, ఎండిన జొన్నచేను మీద లేచే దుమ్ము పెట్టాను. కరువు దారికి అదే తగినది.

ఇంకొకటి. ఈ కథలో పెద్ద మనిషి జాన్ క్లఫ్. 1866లో ఒంగోలులో స్థిరపడిన మిషనరీ. అమెరికాలో సర్వేయరు పని తెలిసిన మనిషి కాబట్టి, కరువు వచ్చినప్పుడు మూడున్నర మైళ్ళ కాలువ తవ్వకాన్ని ఒప్పందానికి తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్ళకు కూలి ఇప్పించగలిగాడు. ఆయన పేరును నేను ఒక్క రాతప్రతిలోనే మూడు రకాలుగా రాశాను. మా ఇళ్ళల్లో క్లౌ దొర అంటారు. ఇంగ్లీషు పలుకు క్లఫ్. ఒకటి రెండు చోట్ల క్లో అని కూడా రాశానట. ఆ అమ్మాయి మూడింటికీ పేజీ సంఖ్యలు వేసి చీటీ చేతిలో పెట్టింది. ఇద్దరం కూర్చుని తేల్చాం: కథ చెప్పేటప్పుడు క్లఫ్, పాత్రలు మాట్లాడేటప్పుడు దొరగారు. అప్పటి నుంచి కంప్యూటరు తెర అంచుకు ఒక కాగితం అంటించి ఉంది. 'క్లఫ్. బాప్తిస్మము (బాప్టిజం కాదు). యెర్రగుంట్ల పేరయ్య (ఎర్రగుంట్ల కాదు). వెల్లంపల్లి.' ఆ కాగితం ఇంకా తీయలేదు. నేను నాలుగోది తెస్తానని ఉంచిందట.

వాళ్ళు క్రైస్తవులు కారు. తెర పక్కనే వేంకటేశ్వరస్వామి పటం, దానికి రోజూ మల్లెపూలు. అయినా బైబిలు వచనం వచ్చిన ప్రతిచోటా, "టీచర్ గారూ, మీ పుస్తకం ఒకసారి ఇవ్వండి" అని నా బైబిలు తీసుకుని అక్షరం అక్షరం సరిచూసేది. మొదటి నవల రెండో ముద్రణకు ఇరవై మూడో కీర్తన వచ్చినప్పుడు నేను ఆ 'దు' కథ చెప్పాను. ఆమె నవ్వలేదు. ఆ వరుసను పేజీ మధ్యకు జరిపి, ఏ మాటా వరుస చివర విరగకుండా కట్టమని భర్తకు చెప్పింది.

అతని వంతు కూడా చెప్పాలి. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆరుగురు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున నీళ్ళలో దిగి, వాళ్ళు అలసిపోతే ఇంకో ఇద్దరు. ఈ లెక్కలన్నీ నేను సరిగానే రాశాను. కానీ ఆ అధ్యాయాన్ని "ఆ ఆదివారం" అని మొదలుపెట్టాను. అంత పెద్ద పని ఆదివారం కాక ఇంకెప్పుడు జరుగుతుందని నా మనసులో పడిపోయింది. అతను పేజీ కడుతూ ఫోనులో కేలండరు వెనక్కి తిప్పి చూసి, "బుధవారం వస్తోంది" అన్నాడు. ఇంటికి వెళ్ళి లెక్క కట్టుకున్నాను. బుధవారమే. రెండో నవలలో 1854 జనవరి 1 ఆదివారమని రాశాను, అది నిజంగానే ఆదివారం. ఆ ధీమాతోనే ఇక్కడ తప్పు చేశాను. బుధవారం అని తెలిశాక అధ్యాయం మొత్తం మారింది. ఆదివారమైతే జనం గుడికి వచ్చినట్టు వస్తారు. బుధవారం అంటే, కరువు తర్వాత తొలకరికి చేలో దిగాల్సిన రోజు ఆ పని వదులుకుని నది దగ్గరికి వచ్చారని అర్థం.

అన్నిటికంటే ఎక్కువగా నేను ఈ దుకాణానికి రుణపడింది ఒక ప్రశ్నకు. కరువు కాలంలో క్లఫ్ ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. వేల మంది అడిగినా ఆగమన్నాడు. దీన్ని నేను ఒక్క వాక్యంలో దాటేశాను. ఆమె చదువుతూ ఆగి, "అన్నం పెట్టినవాళ్ళు అది మాత్రం ఎందుకు ఇవ్వలేదు?" అంది. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని, కరువు తీరేదాకా ఆపాడని చెప్పాను. "అయితే ఆ ఆగినవాళ్ళకు ఎలా ఉండిందో రాయండి. చదివేవాళ్ళు అడిగేది అదే" అంది.

పద్నాలుగు పేజీలు కొత్తగా రాశాను. తట్ట మోసే ఆ పిల్ల, ఇస్తానన్నది ఇవ్వకుండా ఎందుకు ఆపుతున్నారో అర్థంకాక తెలుగు బోధకుడు పేరయ్యను అడిగే ఘట్టం. మా నాయనమ్మ చెప్పిన మాటలు అందులోకి వచ్చాయి. పుస్తకం చదివినవాళ్ళు ఎక్కువగా మాట్లాడేది ఆ పద్నాలుగు పేజీల గురించే. వాటికి కూర్పు డబ్బు మామూలుగానే తీసుకున్నారు, అది న్యాయమే.

ఈ ప్రశ్న గురించి ఆలోచిస్తుంటే నాకు లాయిడ్ డగ్లస్ గుర్తొచ్చాడు. అమెరికాలో పాస్టరు. యాభై దాటాకే, 1929లో, మొదటి నవల వచ్చింది. నేను యాభై ఏడో ఏట మొదటి నవల పూర్తి చేయడానికి ధైర్యం ఇచ్చింది ఆయన జీవితమే. ఒహాయోలో ఒక దుకాణంలో పనిచేసే అమ్మాయి ఆయనకు ఉత్తరం రాసింది, సిలువ దగ్గర చీట్లు వేసి క్రీస్తు అంగీని గెలుచుకున్న సైనికుడు తర్వాత ఏమయ్యాడో మీకు తెలుసా అని. ఆ ఉత్తరం నుంచి పుట్టిన నవల 1942లో అచ్చయింది. ఆయన దాన్ని ఆ అమ్మాయికే అంకితం ఇచ్చాడు. నేను ఈ దుకాణం అమ్మాయికి అంకితం ఇవ్వలేదు, అది మా నాయనమ్మకు ఎప్పుడో రాసి పెట్టిన చోటు. కృతజ్ఞతల పేజీలో మాత్రం మొదటి పేరు ఆమెదే. ఆ పేజీ కూర్పు చేస్తూ తన పేరు తీసేసింది. రెండో ప్రూఫులో నేను మళ్ళీ పెట్టించాను.

లూ వాలెస్ సంగతి వేరు. అతను వకీలు, సైన్యాధికారి. సినిమాగా మనవాళ్ళంతా చూసిన 'బెన్‌హర్' రాసింది ఆయనే, 1880లో. న్యూ మెక్సికో గవర్నరుగా ఉంటూ ఆ నవల పూర్తి చేశాడు. యెరూషలేము చూడకుండానే, గ్రంథాలయాల్లో పటాలు, పుస్తకాలు చదివి అంతా రాశాడు. అచ్చయిన తర్వాతే కాన్‌స్టాంటినోపుల్‌కు రాయబారిగా వెళ్ళినప్పుడు ఆ నేల చూశాడు. నాకు ఆ ఇబ్బంది లేదు. వెల్లంపల్లి ఒంగోలు నుంచి గంటలోపు ప్రయాణం. నాలుగుసార్లు వెళ్ళి రేవు దగ్గర కూర్చుని వచ్చాను. ఒకసారి జూలైలోనే వెళ్ళాను, నీళ్ళ రంగు చూడటానికి.

ఇక అచ్చు సంగతి. నేను రాసేది ఫోనులో, యూనికోడ్‌లో. వాళ్ళు పేజీలు కట్టేది పేజీమేకర్‌లో, అను ఫాంట్లతో. మధ్యలో మార్పిడి చేయాలి. ఆ మార్పిడిలో కొన్ని మాటలు చెడిపోతాయి. 'బకింగ్‌హామ్' అతుక్కుపోయి 'బకింగ్హామ్' అవుతుంది. కొన్నిచోట్ల ఒత్తులు జారి పక్క అక్షరం కిందికి పోతాయి. వాళ్ళు ఇది ముందే చెప్తారు, వెతికి దిద్దుతారు, అయినా ఒకటి రెండు మిగులుతాయి. కొత్త సాఫ్ట్‌వేరుకు మారమని చెప్పాను. మారతామన్నారు, ఇంకా మారలేదు. ఇది వాళ్ళ లోపమే.

మూడో నవల 272 పేజీలు, డెమ్మీ సైజు, పదహారు పేజీల ఫారాలు పదిహేడు. కూర్పు పేజీకి 40 రూపాయల చొప్పున 10,880. అయిదు వందల ప్రతులు, లోపల 70 జీఎస్ఎం మందం మ్యాప్‌లితో కాగితం, కవరుకు లామినేషన్, ప్రతికి 88 చొప్పున 44,000. ఇది 2023 నాటి ధర, ఇప్పుడు కాగితం ధరతో పాటు మారి ఉంటుంది. అచ్చు వాళ్ళ దగ్గర జరగదు. తెలిసిన ఆఫ్‌సెట్ ప్రెస్సుకు పంపుతారు. ఏ ప్రెస్సులో ఎంత పడుతుందో, అందులో తమకు ఎంత మిగులుతుందో కాగితం మీద రాసి చూపించారు. ఇంకెవరూ అలా చూపించగా నేను చూడలేదు.

నేను గట్టిగా చెప్పాల్సిన ఫిర్యాదు రెండు విషయాల మీద. మొదటిది గడువు. క్రిస్మస్‌కు ముందు మందిరాల్లో పుస్తకాల బల్ల పెడతాం, నాకు అమ్మకాలన్నీ దాదాపు అప్పుడే. డిసెంబరు మొదటి వారానికి ఇస్తామన్న పుస్తకాలు జనవరి 9న వచ్చాయి. పెళ్ళి పత్రికలు వస్తే పుస్తకం పక్కకు పోతుంది, పత్రికకు అదే రోజు డబ్బు వస్తుంది కాబట్టి. వాళ్ళ బతుకుతెరువు నాకు అర్థమవుతుంది, కానీ ఆ సంవత్సరం నాకు కలిగిన నష్టం నిజం. కాబట్టి క్రిస్మస్‌కు కావాలంటే రాతప్రతి జూన్‌లోనే ఇవ్వండి, ఆగస్టు తర్వాత వద్దు.

రెండోది బైండింగ్. జిగురు బైండింగ్ చేయించారు. ఒంగోలు మే నెల ఎండకు ఆ జిగురు నిలవదు. మా బంధువు ఒకరు కారులో ఉంచిన ప్రతి నుంచి మొదటి ఫారం ఊడి చేతికి వచ్చింది. ఫారాలను దారంతో కుట్టి, ఆపైన జిగురు వేయించమని అడగండి. ప్రతికి పన్నెండు రూపాయలు ఎక్కువ అవుతుందన్నారు. ఆ మాట ముందే చెప్పి ఉంటే ఇచ్చేదాన్ని. రెండో ముద్రణకు కుట్టే చెప్పాను.

కవరు విషయంలో కూడా జాగ్రత్త. వాళ్ళ దగ్గర సిద్ధంగా ఉన్న బొమ్మల్లో నది అంటే కొబ్బరిచెట్లు, పచ్చటి గట్లు. అది కోనసీమ. గుండ్లకమ్మ గట్టున కనిపించేది ఇసుక, తాటిచెట్లు, తుమ్మ. మా మేనకోడలు రేవు దగ్గర తీసిన ఫొటో ఇచ్చాను, చక్కగా వేశారు. మీ ఫొటో మీరే పట్టుకెళ్ళండి.

చేసిన మేలు ఇంకొకటి ఉంది. పుస్తకం చివర ఒక పేజీ వేయమని అతనే చెప్పాడు: ఏది జరిగింది, ఏది మీరు కల్పించారు. నేను మొదట ఇష్టపడలేదు. కథ చదివించి చివర్లో కుట్లు విప్పి చూపించినట్టు ఉంటుందనిపించింది. తర్వాత రాశాను. కాలువ, కరువు, ఆపిన బాప్తిస్మాలు, పేరయ్య, 2,222, బుధవారం, ఇవి చరిత్ర. తట్ట మోసిన పిల్ల, ఆమె తల్లి, వాళ్ళు మాట్లాడుకున్న ప్రతి మాట నా కల్పన, మా నాయనమ్మ నోట విన్న నాలుగైదు మాటలు తప్ప. ఈ పేజీ చూశాకే ఒక పాస్టరు గారు తన సంఘంలో యువకులతో చదివించడానికి ముప్పై ప్రతులు తీసుకున్నారు. నా పిల్లను నిజమైన మనిషనుకుని వంశవృక్షం అడిగినవాళ్ళకు కూడా ఆ పేజీయే సమాధానం.

ఐఎస్‌బీఎన్‌కు దరఖాస్తు చేయడం వాళ్ళే చూపిస్తారు. మన దేశంలో అది ఉచితం, రాజా రామమోహన్ రాయ్ పేరుతో ఉన్న జాతీయ సంస్థ ఇస్తుంది. దానికి డబ్బు అడిగేవాళ్ళను నమ్మకండి. పుస్తకం వచ్చాక నాలుగు గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి పంపాలని చట్టం ఉంది: కోల్‌కతా జాతీయ గ్రంథాలయం, చెన్నై కన్నెమరా, ముంబై, ఢిల్లీ. ఇది కూడా వాళ్ళు చెప్తేనే తెలిసింది. చిరునామాలు టైపు చేసి, నాలుగు కట్టలూ కట్టి ఇచ్చారు. చెన్నై కట్ట మీద చిరునామా అంటిస్తూ ఆ అమ్మాయి, "అంత దూరాన మన వెల్లంపల్లి ఉంటుంది కదా టీచర్ గారూ" అంది.

అయిదు వందల్లో ఇప్పటికి మూడు వందల ఎనభై పోయాయి. మిగిలినవి మా మంచం కింద ఉన్నాయి, చెదలు పట్టకుండా వేపాకు వేసి.

దుకాణం ఆదివారం ఉండదు. మిగతా రోజుల్లో ఉదయం తొమ్మిదిన్నర నుంచి రాత్రి ఎనిమిది దాకా ఉంటారు. రాతప్రతి చేతిరాత అయితే ఒకవైపే రాసి, పేజీ సంఖ్యలు వేసి తీసుకెళ్ళండి. పేర్ల పట్టిక వేరే కాగితం మీద ఇవ్వండి, తెరకు అంటించుకుంటుంది. మధ్యాహ్నం షట్టరు సగం దించి ఉంటే మూసేశారని వెనక్కి వెళ్ళిపోకండి. వంగి చూస్తే ఎవరిదో పుస్తకం పైకి చదువుతూ కనిపిస్తారు.